ఒకేలా కనిపించే రెండు సున్నపురాయి పొరలు ఒకే కాలానివా కాదా: సూక్ష్మశిలాజాలతో తేల్చే పద్ధతి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నలభై కిలోమీటర్ల ఎడంలో రెండు సున్నపురాయి సెక్షన్లు (పొరలు ఒకదానిపై ఒకటిగా బయటపడ్డ నిలువు వరుసలు) కొలిచారు, రెండింట్లోనూ రాయి లేత పసుపు రంగులో మందంగా ఉంది, హ్యాండ్ లెన్స్‌లో చూస్తే రెండింట్లోనూ గుండ్రటి బిళ్లల్లాంటి శిలాజాలు కనిపిస్తున్నాయి, కాబట్టి రెండూ ఒకటే పొర అని మీ టీమ్‌లో సగం మంది అంటున్నారు. మిగతా సగం ఒప్పుకోవడం లేదు. కార్బన్ డేటింగ్ చేయిస్తే గొడవ తీరిపోతుందా, లేక సూక్ష్మశిలాజాలు చూడాలా, చూస్తే ఏవి చూడాలి?

కార్బన్ డేటింగ్ మాట మర్చిపోండి. అది దాదాపు 50 వేల ఏళ్ల దాకానే పనికొస్తుంది, మీరు చెప్పే బిళ్లలు నేను అనుకుంటున్నవే అయితే లెక్క కోట్ల ఏళ్లలో ఉంటుంది. ల్యాబ్‌ వాళ్లు "పరిమితి దాటింది" అని కాగితం ఇస్తారు, అంతే. యురేనియం-లెడ్ పద్ధతికి సాధారణంగా జిర్కాన్ అనే ఖనిజం కావాలి, మామూలు సున్నపురాయిలో ఆ రాయితోపాటే పుట్టిన జిర్కాన్ ఉండదు. సెక్షన్ మధ్యలో ఎక్కడైనా పలుచటి అగ్నిపర్వత బూడిద పొర తగిలితే మాత్రం వదలకండి, అందులో జిర్కాన్ ఉండొచ్చు కాబట్టి అది బంగారం.

ఇక మీ టీమ్‌లో మొదటి సగం మంది వాదన గురించి. రాయి ఒకేలా ఉంటే కాలం ఒకటే అన్న నమ్మకం చాలా గట్టిది, అనుభవం ఉన్నవాళ్లలోనూ పోదు. కానీ సున్నపురాయి రూపం చెప్పేది అది ఎక్కడ పేరుకుందన్నది: ఎంత లోతు నీళ్లలో, ఎంత వెలుతురులో, అలల తాకిడి ఎంత ఉన్నచోట. ఎప్పుడు పేరుకుందో చెప్పదు. సముద్రమట్టం మెల్లగా పెరుగుతూ నీళ్లు నేల మీదికి వస్తుంటే, ఆ లోతులేని నీళ్ల పట్టీ కూడా నీళ్లతోపాటే నేలవైపు జరుగుతుంది, దాని వెంటే అదే రకం సున్నపురాయి కూడా. అలా ఇరవై ముప్ఫై లక్షల ఏళ్లు జరిగాక, మ్యాప్‌ మీద ఒకే రంగు వేసిన ఆ పొర ఒక చివర ఒక కాలానిది, రెండో చివర ఇంకో కాలానిది అవుతుంది. నలభై కిలోమీటర్ల దూరం అందుకు చాలు.

సూక్ష్మశిలాజాల పని ఇక్కడ మొదలవుతుంది. అయితే అవి నేరుగా వయసు చెప్పవు. ఈ ముక్క సరిగ్గా పట్టుకుంటే మిగతాదంతా తేలిక. ఏ ఫోరామినిఫెరా (గుల్ల కట్టుకునే ఏకకణ సముద్రజీవి, క్లుప్తంగా ఫోరామ్) మీదా సంవత్సరం రాసి ఉండదు. అది చెప్పేది వరుస ఒక్కటే: ఏ జాతి ముందు వచ్చింది, ఏది తర్వాత, ఏది దేనికంటే ముందు పోయింది. ఒకసారి అంతరించిన జాతి మళ్లీ పుట్టదు కాబట్టి ఆ వరుస తిరగబడదు. ఇంగ్లండ్‌లో కాలువల సర్వేలు చేసిన విలియం స్మిత్ 18వ శతాబ్దం చివరికే దీన్ని గమనించాడు, పొరలను వాటిలోని శిలాజాలతో గుర్తుపట్టి 1815లో మ్యాప్ వేశాడు. అప్పటికి డార్విన్ సిద్ధాంతమూ లేదు, రేడియోధార్మికత సంగతీ తెలియదు. సంఖ్యలు తర్వాత వచ్చి చేరాయి, అవి కూడా బయటి నుంచి: బూడిద పొరల్లోని జిర్కాన్లు, భూ అయస్కాంత క్షేత్రం తలకిందులైన గుర్తులు, భూకక్ష్య మార్పుల లయ. వాటితో ముడిపెట్టిన చోట్ల "ఈ జాతి ఇన్ని కోట్ల ఏళ్ల కిందట మాయమైంది" అని లెక్క కట్టారు, ఆ లెక్కను మనం మన సెక్షన్‌కి అరువు తెచ్చుకుంటాం. కాబట్టి ముందు రెండు సెక్షన్ల మధ్య పోలిక తేల్చండి, వయసు అంకె ఆ తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, ఒక శిలాజం పేరు దొరకగానే పట్టికలో వయసు వెతికి రిపోర్టులో రాసేస్తారు, ఆ పేరు తప్పయితే ఇక ఎవరూ పట్టుకోలేరు.

పెద్ద శిలాజాలు ఉండగా వీటినే ఎందుకు చూడటం అంటే, సంఖ్య కోసం. అమ్మోనైట్ (చుట్ట తిరిగిన గుల్ల ఉన్న, అంతరించిన సముద్రజీవి) ఒకటి దొరకాలంటే రోజంతా తిరగాలి, అదే మెత్తటి మార్ల్ (సున్నం కలిసిన బంకమట్టి రాయి) గుప్పెడు కడిగితే వందల ఫోరామ్‌లు వస్తాయి. బోర్ వేసినప్పుడైతే డ్రిల్ బిట్ పెద్ద శిలాజాలను పొడి చేసేస్తుంది, ఇవి మాత్రం చెక్కుచెదరకుండా పైకొస్తాయి. ఎస్తర్ ఆప్లిన్, ఆల్వా ఎలిసర్, హెడ్విగ్ నైకర్ అనే ముగ్గురు మహిళలు మూడు వేర్వేరు చమురు కంపెనీల్లో పనిచేస్తూ, 1925లో టెక్సస్-లూసియానా తీరంలోని భూగర్భ పొరలను ఫోరామ్‌లతో కలిపి చూపిస్తూ ఒక పత్రం ప్రచురించారు. చమురు పరిశ్రమలో మైక్రోస్కోపుకి చోటు దక్కడంలో దాని పాత్ర పెద్దది. పోటీ కంపెనీల ఉద్యోగులు కలిసి ఒక పత్రం రాయడం ఇప్పుడైతే లీగల్ డిపార్ట్‌మెంటే ఆపేస్తుంది.

ఏ కాలానికి ఏ గుంపు అన్నది కొంచెం తెలిసి ఉండాలి. మీ రాయి పాలియోజోయిక్‌దో ట్రయాసిక్‌దో (సుమారు 54 నుంచి 20 కోట్ల ఏళ్ల కిందటి కాలాలు) అయితే కోనోడాంట్‌లు చూడాలి. ఇవి ఈల్‌ లాంటి ఒక చిన్న జీవి నోట్లోని పళ్ల వంటి భాగాలు, ఫాస్ఫేట్‌తో చేసినవి. 1856లోనే వీటిని వర్ణించినా అసలు జీవి ఎలా ఉంటుందో 1983లో స్కాట్లండ్ శిలాజాలతో గానీ తెలియలేదు, అంటే మధ్యలో వందేళ్లకు పైగా ఆ జంతువు ఏదో తెలియలేదు, అయినా దాని పళ్లతో పొరల కాలం తేలుస్తూ వచ్చారన్నమాట. ఆమ్లంలో సున్నపురాయి కరిగిపోతుంది, ఇవి మిగులుతాయి, అదే వీటితో సౌకర్యం. పాలియోజోయిక్‌లో చివరిదైన పర్మియన్‌కీ ట్రయాసిక్‌కీ మధ్య సరిహద్దుకి ప్రపంచ ప్రామాణిక సెక్షన్ చైనాలోని మెయ్‌షాన్‌లో ఉంది, అక్కడ సరిహద్దు గీసింది హిండియోడస్ పార్వస్ అనే కోనోడాంట్ మొదటిసారి కనిపించిన చోట, సుమారు 25.19 కోట్ల ఏళ్ల కిందట. పర్మియన్, దానికి ముందున్న కార్బోనిఫెరస్ కాలాల సున్నపురాళ్లలో గోధుమగింజ ఆకారపు ఫ్యూసులినిడ్‌లు అనే ఫోరామ్‌లు కూడా బాగా పనికొస్తాయి, పర్మియన్ ముగిసేసరికి అవి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. జురాసిక్-క్రెటేషియస్ సరిహద్దు దగ్గరి గట్టి, సన్నటి రేణువుల సున్నపురాయి అయితే థిన్ సెక్షన్‌లో (మైక్రోస్కోప్ కింద చూడటానికి కాంతి పోయేంత పలుచగా చేసిన రాతి ముక్కలో) కాల్పియోనెల్లిడ్‌లు అనే గంట ఆకారపు సూక్ష్మశిలాజాలు వెతకండి.

మీ సెక్షన్లు మాత్రం వీటన్నింటికంటే తర్వాతివి అనిపిస్తోంది. బిళ్ల ఆకారం, చేతి లెన్స్‌కి అందే సైజు, విరిగిన చోట లోపల చుట్టలు తిరిగిన గదులు ఉన్నాయంటున్నారు కాబట్టి నమ్యులైట్‌లు అయ్యే అవకాశం ఎక్కువ. డైనోసార్లు పోయాక వరుసగా వచ్చిన మూడు కాలాల్లో, అంటే పేలియోసీన్ చివర్లో మొదలై, ఇయోసీన్‌లో విపరీతంగా పెరిగి, ఒలిగోసీన్‌లో అంతరించిన పెద్ద ఫోరామ్‌లు ఇవి. ఏకకణ జీవే అయినా కొన్ని జాతులు కొన్ని సెంటీమీటర్ల వెడల్పు పెరిగాయి. గీజా పిరమిడ్ల సున్నపురాయి నిండా ఇవే. వాటి ముందు రాలి పడి ఉన్న బిళ్లలు కూలీలు తిని వదిలేసిన పప్పుగింజలు రాయైపోయినవని అక్కడివాళ్లు చెప్పుకునేవారని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రెండు వేల ఏళ్ల కిందటే రాశాడు.

"నమ్యులైట్ సున్నపురాయి" అని రెండు సెక్షన్లకూ ఒకే పేరు పెట్టి ఊరుకుంటే ఏమీ తేలదు, ఎందుకంటే ఆ ప్రజాతి బతికిన కాలం రెండు కోట్ల ఏళ్లకు పైనే. జాతి స్థాయికి దిగాలి. అందుకు బిళ్ల పైభాగం చూస్తే చాలదు, సరిగ్గా మధ్యతలం వెంట కోసిన కోత ఒకటి, దానికి అడ్డంగా కేంద్రం గుండా పోయే కోత ఇంకొకటి కావాలి. మొదటి గది సైజు, చుట్టల మధ్య దూరం, గదుల గోడల వంపు, ఇవన్నీ కొలవాలి. ఇంకో చిక్కు ఏమిటంటే ఒకే జాతిలో రెండు రూపాలుంటాయి: పెద్ద మొదటి గదితో చిన్న బిళ్ల, బాగా చిన్న మొదటి గదితో పెద్ద బిళ్ల. లైంగిక, అలైంగిక తరాలు మారి మారి రావడం వల్ల ఇలా అవుతుంది. పాత పుస్తకాల్లో వీటికి రెండు వేర్వేరు జాతుల పేర్లు పెట్టిన సందర్భాలు బోలెడు, కాబట్టి పాత జాబితాలు చూసి "ఇక్కడ రెండు జాతులు, అక్కడ ఒకటే" అని కంగారు పడకండి.

అసలు అవి నమ్యులైట్‌లేనా అన్నది కూడా చూసుకోవాలి. చేతి లెన్స్‌లో డిస్కోసైక్లినా, లెపిడోసైక్లినా అనే వేరే ఫోరామ్‌లు కూడా బిళ్లల్లాగే కనిపిస్తాయి. మధ్యకోతలో చూస్తే డిస్కోసైక్లినా గదులు దీర్ఘచతురస్రాల్లా వరుసగా ఉంటాయి, లెపిడోసైక్లినావి వంపు తిరిగో షడ్భుజాల్లాగో ఉంటాయి. తేడా చిన్నదే, ఫలితం పెద్దది: డిస్కోసైక్లినా ఇయోసీన్‌తో ముగిసింది, ఇండో-పసిఫిక్‌లో లెపిడోసైక్లినా ఒలిగోసీన్‌లో గానీ రాలేదు. మీ ఒక సెక్షన్‌లో మొదటిది, రెండోదాంట్లో రెండోది ఉంటే వాదన అక్కడితో అయిపోయినట్టే. గమనించండి, ఇండో-పసిఫిక్ అన్నాను. అమెరికా ఖండాల వైపు లెపిడోసైక్లినా ఇయోసీన్‌లోనే ఉంది. లోతులేని వెచ్చటి నీళ్లలో అడుగున బతికే జీవులు మహాసముద్రం దాటడానికి కాలం పడుతుంది, ఒక ప్రాంతానికి చేసిన పట్టికను ఇంకో ప్రాంతానికి గుడ్డిగా వాడకూడదనేది ఇందుకే. టెథిస్ (ఒకప్పుడు యూరప్, ఆసియాలకు దక్షిణాన ఉన్న సముద్రం) ప్రాంతంలో పేలియోసీన్-ఇయోసీన్‌కి ఎస్‌బీజెడ్ (షాలో బెంథిక్ జోన్, అంటే లోతులేని నీళ్ల అడుగున బతికే ఫోరామ్‌లతో చేసిన కాల విభాగం) 1 నుంచి 20 దాకా జోన్లు ఉన్నాయి, 1998లో ప్రచురించినవి. ఇండో-పసిఫిక్‌లో అయితే తూర్పు ఇండీస్ పేరుతో 1927 నుంచి వస్తున్న అక్షరాల వర్గీకరణ వేరే ఉంది.

దూరాలు పెరిగేకొద్దీ నీళ్లలో తేలుతూ బతికే ప్లాంక్టానిక్ ఫోరామ్‌లే మేలు. ప్రవాహాలు వాటిని త్వరగా అంతటా చేరుస్తాయి, కాబట్టి ఒక జాతి రాక భూగోళం మీద చాలాచోట్ల దాదాపు ఒకేసారి నమోదవుతుంది. హాంట్‌కెనినా అని ముళ్లున్న ఒక ఫోరామ్ ఉంది, అది మాయమైన చోటే ఇయోసీన్ ముగిసింది అని ఇటలీలోని మస్సిన్యానో సెక్షన్‌లో గీత గీశారు, 3.39 కోట్ల ఏళ్లు. ఒలిగోసీన్ తర్వాతిదైన మయోసీన్ మధ్యలో, సుమారు 1.5 కోట్ల ఏళ్ల కిందట ఓర్బ్యులినా వస్తుంది, చివరి గది మిగతావాటన్నింటినీ కప్పేసి పూర్తి గోళంగా కనిపిస్తుంది, గట్టి రాయి థిన్ సెక్షన్‌లో సైతం సులువుగా పోల్చుకోవచ్చు. ఇక ఇటలీలోనే గుబ్బియో సంగతి, డైనోసార్లు అంతరించిన కాలపు హద్దు కనిపించే చోటు అది: కింద క్రెటేషియస్ సున్నపురాయిలో పెద్ద పెద్ద అలంకారాల గ్లోబోట్రంకానా ఫోరామ్‌లు, మధ్యలో సెంటీమీటరు మందం బంకమట్టి, ఆ పైన సూదిమొనంత ఫోరామ్‌లు తప్ప ఏమీ లేవు. 1964లోనే లూటర్‌బాకర్, ప్రెమోలి సిల్వా ఆ మార్పును వర్ణించారు. 1980లో ఆల్వరెజ్ బృందం ఇరీడియం (ఉల్కల్లో ఎక్కువగా ఉండే లోహం) కనిపెట్టింది ఆ మట్టిలోనే. ఆ పలుచటి మట్టే సరిహద్దు అని ముందే ఫోరామ్‌లు చూపించాయి కాబట్టి వాళ్లకు ఎక్కడ వెతకాలో తెలిసింది. ఈ మాట ఎక్కువమంది చెప్పరు.

ఇంకా చిన్నవి కోకోలిత్‌లు (ఏకకణ నాచుల సున్నపు పలకలు), మైక్రాన్లలో కొలవాల్సినవి. అగ్గిపుల్ల తలంత రాయి గీకి స్లైడ్ మీద పూసి వెయ్యి రెట్లు పెద్దది చేసి చూడాలి. మార్ల్‌లోనూ, చాక్ అనే మెత్తటి తెల్ల సున్నపురాయిలోనూ అద్భుతంగా వస్తాయి. మీ రాయి లాంటి గట్టి సున్నపురాయిలో దాని ఖనిజమైన కాల్సైట్ మళ్లీ స్ఫటికమై వాటిని మింగేసి ఉంటుంది, పెద్దగా ఆశ పెట్టుకోకండి.

సమస్య ఏమిటంటే, నమ్యులైట్‌లు ఉన్న లోతులేని నీళ్లలో ప్లాంక్టానిక్ ఫోరామ్‌లు సరిగ్గా ఉండవు, అవి ఉన్న లోతు నీళ్లలో నమ్యులైట్‌లు ఉండవు. ప్రపంచ కాలపట్టిక అంతా లోతు నీళ్ల జీవుల మీద కట్టారు, మన రాయేమో లోతులేని చోటిది. ఈ రెండింటినీ కలిపేది లోతులేని గట్టు నుంచి లోతు నీళ్లలోకి దిగే వాలు ప్రాంతాలు. తుఫానుకో భూకంపానికో గట్టు అంచు విరిగి నమ్యులైట్‌లు కిందికి దొర్లి, లోతు మట్టిలో ప్లాంక్టానిక్‌ల మధ్య పడతాయి. అలాంటి సెక్షన్ మీ ప్రాంతంలో ఒక్కటి దొరికినా దానిమీద మీ రెండు సెక్షన్ల కంటే ఎక్కువ సమయం పెట్టమంటాను. కాకపోతే ఆ దొర్లిపడ్డవి అప్పుడే బతికి ఉన్నవా, లేక పాత గట్టు నుంచి ఊడి వచ్చిన శిలాజాలా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇక్కడే జనం ఎక్కువగా పడిపోతారు. పాత రాయి కోతకి గురై అందులోని శిలాజాలు కొత్త మట్టిలో చేరడం మామూలు విషయం. తవ్వకాల్లో ఒక పొరలో నాణేలు దొరికితే ఆ పొర వయసు తేల్చేది అందులోని పాత నాణెం కాదు, అన్నింటికంటే కొత్త నాణెం. ఫోరామ్‌ల విషయంలోనూ అంతే. అరిగిన అంచులు, వేరే రంగు, లోపల వేరే రకం మట్టి నిండి ఉండటం, ఇవన్నీ పాత సరుకు అనడానికి గుర్తులు. బోరు చూర్ణంతో పనిచేస్తే దీనికి తలకిందులుగా, పై పొరల ముక్కలు జారి కింది శాంపిల్‌లో కలుస్తాయి. అందుకే చమురు బావుల్లో ఒక జాతి మొదట ఎక్కడ పుట్టిందన్నది పట్టించుకోకుండా, పైనుంచి దిగుతుంటే మొదటిసారి ఎక్కడ తగిలిందన్నదే లెక్కలోకి తీసుకుంటారు.

లేకపోవడాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవద్దు. అరుదైన జాతి నిజంగా అంతరించడానికి చాలా ముందే మన శాంపిళ్లలో కనిపించడం మానేస్తుంది, సైనర్, లిప్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1982లో చెప్పింది ఇదే. రాక విషయంలోనూ ఇంతే. డెవోనియన్-కార్బోనిఫెరస్ సరిహద్దును ఫ్రాన్స్‌లోని లా సెర్ దగ్గర సైఫోనోడెల్లా సల్కాటా అనే కోనోడాంట్ మొదట కనిపించిన చోట గీశారు, తర్వాత మళ్లీ వెతికితే అదే జాతి ఇంకా కింద దొరికింది, ఆ సరిహద్దును తిరిగి నిర్వచించాలని కూర్చోవాల్సి వచ్చింది. ప్రపంచ ప్రామాణికానికే ఆ గతి పడితే మన సెక్షన్ ఎంత. ఒక్క జాతి మీద తీర్పు ఇవ్వకండి, కనీసం నాలుగైదు రాకపోకల వరుస చూడండి.

ఆ వరుసను ఏం చేయాలంటే, అలన్ షా 1964లో చూపించిన గ్రాఫ్ పద్ధతి ఇప్పటికీ నాకు ఇష్టం. ఒక సెక్షన్ మీటర్లు అడ్డం, రెండో సెక్షన్ మీటర్లు నిలువు, రెండింట్లోనూ కనిపించిన ప్రతి రాక, ప్రతి పోక ఒక చుక్క. చుక్కలు ఒక గీత మీద పడితే పోలిక కుదిరినట్టు. ఆ గీత ఒకచోట అడ్డంగా సాగితే నిలువు అక్షం మీది సెక్షన్‌లో అక్కడ కొంత కాలం గల్లంతైంది, కోతో నిలుపో జరిగింది. గీతకి దూరంగా పడ్డ చుక్కల్లో పాత సరుకు, తప్పు గుర్తింపులు బయటపడతాయి. ఎక్సెల్ చాలు దీనికి. ఇంగ్లిష్ ఛానల్ కింద 50 కిలోమీటర్ల సొరంగం తవ్వేటప్పుడు చాక్ మార్ల్ పొరను వదలకుండా పోవాలి, అందుకు బోర్లలోని ఫోరామ్‌ల జోన్లు చూసి పొర ఎక్కడ వంగింది, ఎక్కడ జారింది అని లెక్కేశారు. కంటికి అంతా ఒకే రంగు చాకే.

ల్యాబ్ పని గురించి కొంచెం. శాంపిల్ తీసేముందు పైన వాతావరణానికి మాగిన పెచ్చు కొట్టేసి లోపలి రాయి తీసుకోండి, పొర పైవైపు ఏదో బాణం గుర్తు పెట్టండి. మీటరుకొకటి తీయండి, రాయి రంగో రేణువో మారినచోట ఇంకా దగ్గరగా. సున్నపురాయి పొరల మధ్య ఉండే పలుచటి మార్ల్ చీలికలను అస్సలు వదలకండి, అందరూ గట్టి రాయి కొట్టి సంచి నింపుకుని పోతారు, మంచి ఫోరామ్‌లు ఉండేది ఆ మెత్తటి చీలికల్లో. వాటిని హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి 63 మైక్రాన్ల జల్లెడ మీద కడిగితే చాలు. గట్టి రాయికి 30 మైక్రాన్ల మందం థిన్ సెక్షన్లు, ఒక్కో శాంపిల్‌కి ఒకటి కాదు, మూడు నాలుగైనా, ఎందుకంటే కోత ఎటు పడుతుందో మన చేతిలో ఉండదు. కోనోడాంట్‌ల కోసం అయితే కిలోల కొద్దీ రాయిని పదిశాతం ఎసిటిక్ ఆమ్లంలో వారాల తరబడి కరిగించాలి. ఫోరామ్‌లు కావాలనుకుంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం దగ్గరికి రానివ్వకండి, రాయితోపాటు అవీ కరిగిపోతాయి, అవి కూడా కాల్సైటే కదా. డోలమైట్‌గా మారిన (మెగ్నీషియం చేరి మళ్లీ స్ఫటికమైన) పొరల మీద సమయం వృథా చేయకండి, శిలాజాల ఆనవాళ్లు చెరిగిపోయి ఉంటాయి.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. రెండు సెక్షన్ల నుంచీ బిళ్లలున్న పొరల అడుగు, నడుమ, పైభాగం థిన్ సెక్షన్లు ముందు తీయించి, నమ్యులైట్‌లా, డిస్కోసైక్లినానా, లెపిడోసైక్లినానా అన్నది తేలుస్తాను, దీనికే సగం గొడవ తీరిపోవచ్చు. రెండింట్లోనూ నమ్యులైట్‌లే అయితే విడిగా ఊడివచ్చే బిళ్లలు ఇరవై ముప్ఫై చొప్పున మధ్యలోకి చీల్చి మొదటి గది కొలుస్తాను, వాటితోపాటు ఆల్వియోలినా, అసిలినా లాంటి ఫోరామ్‌లు ఏవి ఉన్నాయో చూసి ఎస్‌బీజెడ్ జోన్ రాస్తాను. మార్ల్ చీలికల్లో ఒక్క ప్లాంక్టానిక్ గుంపు దొరికినా దాంతో సరిచూస్తాను. జోన్ ఒకటే వచ్చిందంటే "ఒకే పొర" అని కాదు, ఆ జోన్ నిడివి పదిహేను లక్షల ఏళ్లయితే అంతమేర తేడా ఉండే వీలు ఇంకా మిగిలే ఉంటుంది, రిపోర్టులో ఆ మాట అలాగే రాయండి. అంతకంటే సన్నగా కావాలంటే మార్పు చెందని గవ్వలు దొరికితే స్ట్రాన్షియం ఐసోటోపులు చేయించవచ్చు, కానీ అది ఇయోసీన్ చివరి భాగం నుంచి ఇటువైపు రాళ్లకే బాగా నప్పుతుంది, అంతకుముందు సముద్రపు నీటిలో ఆ ఐసోటోపుల నిష్పత్తి కాలంతో ఎలా మారిందో చూపే వక్రరేఖ దాదాపు చదునుగా ఉంటుంది. థిన్ సెక్షన్ ఫోటోలు తీసినప్పుడు స్కేలు బార్ పెట్టి పంపండి, అది లేకుండా సైజు చెప్పలేం, పేరూ చెప్పలేం.